నర్సింగ్‌కి ఐదు స్టార్లు, క్యాంటీన్ ఇడ్లీకి ఒకటి

నర్సింగ్‌కి ఐదుకి ఐదు. డాక్టర్‌కి నాలుగున్నర. ఫార్మసీకి రెండు. క్యాంటీన్‌కి ఒకటి, అదీ టీ వేడిగా ఇస్తారు కాబట్టి. ఆసుపత్రి పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో ఇంకో ఆసుపత్రి గురించి కూడా రాయాలి, శ్రీకాకుళం లాంటి ఊళ్ళో ఒక పేరు చెప్తే రెండోదేదో రిక్షా ఎక్కేలోపు కనిపెట్టేస్తారు. ఊళ్ళో అడిగినవాళ్ళకి నోటితోనే చెప్తున్నా. ఇక్కడ రాసేది ఎందుకంటే, మా ఇంట్లో ఇరవై రోజుల తేడాతో ఒకే గుండె జబ్బుకి రెండు ఆసుపత్రులు చూశాం, మందులు దాదాపు అవే, తేడా అంతా సిస్టర్ల దగ్గరే కనిపించింది. అలాంటి పేషెంటు ఇంట్లో ఉన్నవాళ్ళకి ఏం అడగాలో తెలుస్తుందని ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చదవండి.

పేషెంటు మా మావయ్య, అంటే మా ఆయన వాళ్ళ నాన్న, 68 ఏళ్ళు. నరసన్నపేట దగ్గర పల్లెటూరు, వంశధార కాలవ కింద వరి. నాలుగేళ్ళ కిందట గుండెపోటు వస్తే విశాఖలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి గుండె బలం తగ్గింది, ఎకోలో (గుండె స్కాన్) ఈఎఫ్ 30 అని రాశారు, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో ఉన్న రక్తంలో 30 శాతమే బయటికి తోస్తోందని, మామూలుగా 55 దాటి ఉండాలట. కాగితం మీద ‘హార్ట్ ఫెయిల్యూర్’ అని చూసి మా అత్త ఆ రోజంతా అన్నం తినలేదు, ఫెయిల్ అంటే అయిపోయిందనే కదా అనుకుంటాం. గుండె ఆగిపోయిందని కాదు, పంపు చెయ్యాల్సినంత చెయ్యలేకపోతోందని అర్థమట. ఈ ముక్క కూడా మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఆయాసం వచ్చింది, కాళ్ళు ఉబ్బాయి. దగ్గర్లో ఉందని ఒక ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులు ఉంచారు, ఇంజక్షన్లు ఇచ్చారు, వాపు తగ్గింది, నిజంగానే తగ్గింది, వైద్యం బాగాలేదని అనను. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం మూడింటికి ఫైలు మా ఆయన చేతిలో పెట్టి, “ఉప్పు తగ్గించండి, నెల తర్వాత రండి” అన్నారు. అక్కడ సిస్టర్లు మాట్లాడింది ఒక్కసారే, “బిల్లు కట్టేశారా, బెడ్ ఖాళీ చెయ్యాలి” అని. పాపం వాళ్ళకి అప్పటికే ఇంకో పేషెంటు స్ట్రెచర్ మీద బయట వెయిటింగ్.

ఉప్పు తగ్గించాం. కూరలో తగ్గించాం! పక్కన మాగాయ అలాగే ఉంది, పెరుగన్నంలోకి ఊరమిరపకాయలు అలాగే ఉన్నాయి, ఆదివారం ఎండుచేప పులుసు ఎలాగూ ఉంటుంది, కూర చప్పగా ఉందని మావయ్య ఊరగాయ ఇంకాస్త ఎక్కువే వేసుకున్నారు. నీళ్ళ మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా పంపేది) వేసుకుంటే గంటకోసారి వెళ్ళాల్సొస్తోందని, బస్సెక్కి టెక్కలి వెళ్ళాల్సిన రోజుల్లో మానేశారు, తర్వాత బస్సెక్కని రోజుల్లో కూడా మానేశారు. మోకాళ్ళ నొప్పికి ఆర్ఎంపీ దగ్గర నొప్పుల ఇంజక్షన్ ఒకటి, మాత్రలు వారానికి సరిపడా. ఆ మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయని, కిడ్నీల మీద కూడా పడతాయని ఇప్పుడు తెలుసు. ఉద్దానం పక్కనే ఉండి కిడ్నీ అంటే భయపడని ఇల్లు లేదు కానీ, మోకాళ్ళ మాత్రకీ కిడ్నీకీ గుండెకీ సంబంధం ఉందని మాత్రం ఎవరికీ తట్టదు. దిండు ఒకటి కాస్తా రెండు, రెండు కాస్తా మూడు అయ్యాయి. మేం చూస్తూనే ఉన్నాం, ముసలాయన కదా, నిద్ర పట్టట్లేదేమో అనుకున్నాం.

పంతొమ్మిదో రోజు రాత్రి రెండున్నరకి అత్త తలుపు కొట్టింది. “ఓలమ్మా, మీ మావ కూకుండిపోనాడు, ఊపిరాడ్నేదంతన్నాడు, బేగి రా” అని. వెళ్ళి చూస్తే మంచం అంచున కూర్చుని కిటికీ చువ్వ పట్టుకుని ఉన్నారు, బనీను తడిసిపోయింది, మాఘమాసం చలిలో. మాట పూర్తిగా రావట్లేదు, దగ్గితే నురగ. మా ఆయన పడుకోబెట్టబోతే చెయ్యి విదిలించేశారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళని పడుకోబెడితే ఇంకా ఉక్కిరిబిక్కిరి అవుతారట, మావయ్యకి ఆ సంగతి ఒంటికి తెలుసు, మాకు తెలీదు. 108 కి ఫోన్ చేశాం, ఆక్సిజన్ పెట్టి తీసుకెళ్ళారు, ఈసారి శ్రీకాకుళం.

ఇక్కడి నుంచి అసలు రివ్యూ.

క్యాజువాలిటీ గుమ్మంలో వార్డ్ బాయ్ స్ట్రెచర్ తలవైపు దించబోతుంటే లోపల్నుంచి ఒక సిస్టర్, పాతికేళ్ళు ఉంటాయేమో, “దించొద్దన్నా, కూర్చోబెట్టే తీసుకురా!” అని కేక వేసింది. మేం ఇంకా పేరు, వయసు చెప్పలేదు. ఆయన కూర్చున్న తీరు చూసే కనిపెట్టేసింది. ఆ తర్వాత పది నిమిషాల్లో ఆ అమ్మాయి, ఇంకో పెద్దావిడ కలిసి చేసిన పనులు చెప్తే పేజీ అవుతుంది, బీపీ చూశారు (190కి 110), వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూశారు (84), ఈసీజీ తీశారు, చేతికి సూది పెట్టి అందులోంచే రక్తం కూడా తీసేశారు, రెండోసారి పొడవలేదు. డ్యూటీ డాక్టర్ వచ్చేసరికి ఇవన్నీ ఒక కాగితం మీద రాసి రెడీగా ఉన్నాయి. ఆయన వస్తూనే లాసిక్స్ ఇంజక్షన్ (నీళ్ళ మాత్ర లాంటిదే), బీపీ తగ్గడానికి సిరంజి పంపు, బైపాప్ మాస్కు అని చెప్పాడు. అప్పటికి నాలుగయ్యింది.

బైపాప్ అంటే తెలీనివాళ్ళకి, ముక్కూ నోరూ మూసేలా బిగుతుగా మాస్కు పెట్టి మెషీన్ గాలిని ఒత్తిడితో లోపలికి తోస్తుంది. ఊపిరాడని మనిషి మొహానికి మూత పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. మావయ్య లాగి పారేశారు. రెండోసారీ అంతే. మా మరిది చేతులు పట్టుకుంటానని ముందుకొస్తే ఆ సిస్టర్ వద్దంది. పట్టీలు కట్టడం మానేసి, మాస్కుని తన అరచేత్తో మావయ్య మొహానికి ఊరికే ఆనించి పట్టుకుని, మోకాళ్ళు వంచి ఆయన కళ్ళకి ఎదురుగా వచ్చి, “తాతా, కట్టను. నచ్చకపోతే నువ్వే తీసెయ్. నాతోపాటు పీల్సు, వదులు. నాను లెక్కెడతాను” అంది. లెక్కపెట్టింది. పది దాకా, మళ్ళీ ఒకటి నుంచి. ఎన్నిసార్లో తెలీదు గానీ ఆమె నుదుటి మీద చెమట పట్టింది, చెయ్యి మార్చలేదు. కాసేపటికి మావయ్య తన చెయ్యి తీసి ఆమె చేతి మీద వేశారు. అప్పుడు తన చెయ్యి మెల్లగా జార్చేసి మాస్కు ఆయన చేతికే అప్పజెప్పింది. ఆ తర్వాతే పట్టీలు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరుతున్నాయో లేదో చూసింది, ముక్కు మీద తోలు ఊడకుండా మెత్తటి ప్యాడ్ ఒకటి అంటించింది. ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు, పక్క బెడ్ ఆయన ముక్కు మీద నల్లటి మచ్చ చూశాక అర్థమైంది.

ఆ మాస్కు పడకపోయి ఉంటే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సొచ్చేదని పొద్దున డాక్టరే చెప్పాడు. కాబట్టి ఐదు స్టార్లలో మూడు ఆ అరచేతికే.

ఇంక మూత్రం కథ. మాటకి నవ్వుకోండి, ఆ రోజు మా ఇంటిల్లిపాదీ మూత్రం లెక్క కోసం చూసినట్టు పదో తరగతి రిజల్ట్స్ కోసం కూడా చూడలేదు. ఈ జబ్బులో ఒంట్లో నీరు బయటికి పోవడమే వైద్యం, ఇంజక్షన్ పని చేస్తోందా లేదా అన్నది మూత్రం చూస్తేనే తెలుస్తుంది. మొదటి ఆసుపత్రిలో బ్యాగ్ నిండాక వచ్చి పారబోసేవాళ్ళు. ఇక్కడ గంటగంటకీ వచ్చి, వంగి, గీతలున్న డబ్బాలో ఎంతుందో కంటికి ఎదురుగా పెట్టుకుని చూసి రాశారు. ఆరింటికి చూసింది, రెండు గంటల్లో కలిపి 160 మిల్లీలీటర్లే. నాకైతే పోనీలే వచ్చింది కదా అనిపించింది. ఆమె మాత్రం ఫోన్ తీసింది. “సార్, గంటకి వంద కూడా రాలేదు, బీపీ బాగానే ఉంది, డోసు పెంచుతారా” అని అడిగింది, అవే మాటలు, నేను పక్కనే ఉన్నా. డాక్టర్ ఫోన్‌లోనే డోసు రెట్టింపు చెప్పి తర్వాత వచ్చి చూశాడు. మధ్యాహ్నం పన్నెండుకి 2100. మావయ్య మాస్కు పక్కకి లాగి మొదట అడిగిన మాట, “పశువులకి గడ్డేశారా?”

తర్వాత మా మరిది కొడుకుని అడిగాను, విశాఖలో మెడిసిన్ పీజీ చేస్తున్నాడు. యూరప్ గుండె వైద్యుల సంఘం 2021 గైడ్‌లైన్స్‌లో ఉన్నది అదేనట, మొదటి ఆరు గంటల్లో గంటకి 100 నుంచి 150 మిల్లీలీటర్లన్నా రాకపోతే ఆగకుండా డోసు పెంచమని. “పుస్తకంలో అది డాక్టర్ల పేజీలో ఉంటుంది పెద్దమ్మా, కానీ గంటగంటకీ వంగి చూసేది సిస్టరే కదా, ఆవిడ చూడకపోతే ఆ పేజీ ఉన్నా లేనట్టే” అన్నాడు. కుర్రాడు తెలివైనవాడే, పెళ్ళి సంబంధాలు కూడా చూస్తున్నాం, అది వేరే విషయం.

ఎనిమిదింటికి డ్యూటీ మారింది. రాత్రి సిస్టర్ బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోలేదు, పగలు సిస్టర్‌ని మంచం దగ్గరికే తీసుకొచ్చి పంపు ఎంత స్పీడ్‌లో ఉంది, మాస్కు ఎలా ఒప్పించాలి, మూత్రం ఎంత, పొటాషియం రిపోర్ట్ ఇంకా రాలేదు, అన్నీ మా ముందే చెప్పింది. ఆ రిపోర్ట్ వచ్చింది, 3.1, తక్కువ. నీటితోపాటు పొటాషియం కూడా పోతుందట, తగ్గితే గుండె లయ తప్పుతుందట. మానిటర్ మీద మధ్యమధ్యలో ఒక వెడల్పు గీత పడుతుంటే మేం టీవీ చూసినట్టు చూస్తున్నాం, పగలు సిస్టర్ చూసి రిపోర్ట్ కోసం ల్యాబ్‌కి తనే రెండుసార్లు ఫోన్ చేసి తెప్పించింది. మధ్యాహ్నానికి దానికీ మందు పడింది.

కొబ్బరిబోండాల సంగతి ఇక్కడే చెప్పాలి. మా అత్త పుట్టిల్లు కవిటి, పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళూ బోండాలతోనే వచ్చారు, మంచం కింద పద్నాలుగు పోగయ్యాయి. పొటాషియం తక్కువంటున్నారు కదా, బోండంలో అదే ఉంటుందని మా తోడికోడలు ఫోన్‌లో చదివి గ్లాసులో పోసేసింది. సిస్టర్ వచ్చి గ్లాసు తీసుకుని, కోప్పడకుండా, “అక్కా, ఈయన తాగే ప్రతి గ్లాసూ నేను రాసుకోవాలి, రోజుకి లీటరున్నర దాటకూడదన్నారు. పైగా ఇవాళ మొదలెట్టిన మాత్రల్లో ఒకటి పొటాషియాన్ని పెంచేదే, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువే, 1.6 ఉంది, దానికి బోండం కూడా కలిస్తే పొటాషియం ఎక్కువైపోతుంది. ఇవాళ తక్కువ, ఎల్లుండి ఎక్కువ, అందుకే రక్తం చూసి ఇస్తాం” అంది. నిజంగానే అంత వివరంగా చెప్పింది. బోండాలు వార్డ్‌లో అందరికీ పంచాం, ఒకటి ఆమెకిస్తే డ్యూటీలో తీసుకోనంది.

రెండో రోజు సాయంత్రం ఐసీయూలోనే మూత్రం గొట్టం తీసేశారు, అదీ సిస్టర్ గుర్తు చేస్తేనే, ఎక్కువ రోజులు ఉంటే ఇన్ఫెక్షన్ వస్తుందని. మూడో రోజు వార్డ్‌కి మార్చారు.

ఇక్కడ మైనస్‌లు కూడా రాయాలి, లేకపోతే డబ్బులు తీసుకుని రాసిందంటారు. ఐసీయూలో నాలుగు బెడ్లకి ఇద్దరు సిస్టర్లు ఉన్నారు, వార్డ్‌లో రాత్రిపూట ఇరవై ఆరు బెడ్లకి ఇద్దరే. ఒక రాత్రి పక్క బెడ్ పెద్దావిడ డ్రిప్ అయిపోయి బెల్ కొడితే ఇరవై నిమిషాలు ఎవరూ రాలేదు. నేనే వెళ్ళి వెతికితే ఇద్దరూ చివరి గదిలో ఒక పేషెంటు కిందపడితే లేపుతున్నారు. ఎవర్ని తిడతాం? తిట్టాల్సినవాళ్ళు ఆ టైముకి ఇంట్లో ఏసీలో పడుకుని ఉంటారు. జీతం ఎంతని అడిగితే సిస్టర్ నవ్వి ఊరుకుంది. ఫార్మసీలో రాత్రి పదకొండు తర్వాత ఒకడే ఉంటాడు, లైన్ మెట్ల దాకా. లిఫ్ట్ ఒకటి పనిచేస్తుంది, ఒకటి ఎప్పుడూ రిపేరే. ఇడ్లీ గురించి మాట్లాడను, చట్నీలో ఉప్పు మాత్రం గుండె పేషెంట్లున్న ఆసుపత్రిలో ఉండాల్సిన ఉప్పు కాదు.

వార్డ్‌లో రోజూ పొద్దున్న ఆరింటికి బరువు చూసేవాళ్ళు. మూత్రానికి వెళ్ళొచ్చాక, టీ తాగకముందు, అదే మెషీన్, అదే లుంగీ. మొదట నాకు విసుగొచ్చింది, నిద్రలేపి బరువేంటి, ఏమైనా పెళ్ళిచూపులా అని. వార్డ్‌కి వచ్చిన రోజు 70.8, డిశ్చార్జి రోజుకి 66.2. నాలుగున్నర కిలోల పైన పోయింది, ఐసీయూలో పోయింది దీనికి అదనం, అదంతా నీరే. మనిషి చిక్కిపోయాడని చూడ్డానికొచ్చినవాళ్ళు ఏడుస్తుంటే సిస్టర్ సంతోషపడేది. బరువయ్యాక కాలి ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతోందా, ఎంతసేపు ఉంటోందా అని చూసేది. చివరగా ఎప్పుడూ ఒకే ప్రశ్న, “తాతా, రాత్రి ఎన్ని దిండ్లు?” మూడని, రెండని, ఐదో రోజు ఒకటని చెప్పారు. మేం ఇంట్లో పంతొమ్మిది రోజులు చూసీ లెక్కలోకి తీసుకోని దిండ్లే అవి.

మావయ్యకి జబ్బు అర్థమయ్యేలా చెప్పింది కూడా ఈ వార్డ్ సిస్టరే. డాక్టర్ బొమ్మ గీసి చెప్పాడు, బాగానే చెప్పాడు, మావయ్య తలూపారు, ఆయన వెళ్ళాక “ఏటన్నాడు?” అని నన్నడిగారు. ఈమె పాలకొండ వైపు అమ్మాయి, వాళ్ళదీ వ్యవసాయమే. “తాతా, మీ ఊరి కాలవలో చివరి మడికి నీళ్ళు తోసే మోటారుందనుకో, మోటారు నీరసించిపోతే ఏటవుద్ది? ముందుకి ఎల్లాల్సిన నీరు ఎనక్కి తన్ని ఎగువ పొలం మునుగుతుంది. నీ ఊపిరితిత్తులే ఎగువ పొలం. మేం మందేసి తోడేశాం. మోటారు కొత్తది రాదు, నువ్వు కాలవలోకి నీరు తక్కువ వదిలితే అదే ఈడుస్తుంది” అంది. ఉప్పు తింటే ఒళ్ళు నీటిని వదలదని, కాబట్టి ఉప్పే కాలవ తూము అని కూడా చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో ఊరగాయ జాడీ పేరు తూము. మావయ్యే పెట్టారు.

డిశ్చార్జికి ముందురోజు జరిగింది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని. మా ఆయన, మరిది ఇద్దరూ మంచం పక్కన నిలబడి ఉన్నారు, ఫైలు వాళ్ళ చేతిలో ఉంది. సిస్టర్ వచ్చి అడిగిన మొదటి మాట, “ఇంట్లో వంట ఎవరు చేస్తారు?” ఇద్దరూ నావైపు చూశారు. “అయితే అక్కతో మాట్లాడాలి” అని స్టూల్ లాక్కుని కూర్చుంది. నలభై నిమిషాలు. ఏం తింటారు అని అడగలేదు, నిన్న కాదు మొన్న కాదు, మామూలు ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం తింటారో వరసగా చెప్పమంది. చోడి (రాగి) అంబలి, అందులో ఉప్పు, నంజుకోడానికి ఉల్లిపాయ, మిరపకాయ. మధ్యాహ్నం చేప. ఎండుచేప అనగానే ఆపింది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, పలాస నుంచి వచ్చే ఉప్పు జీడిపప్పు, మిక్స్చర్ పొట్లం. ఇవన్నీ నేను ఉప్పు లెక్కలో ఎప్పుడూ వెయ్యలేదు. రోజు మొత్తానికి, అన్నిట్లో కలిపి, ఒక చిన్న టీ స్పూను, అంటే 5 గ్రాములు దాటకూడదంది, పొద్దున్నే ఆయన వాటా స్పూను ఒక చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టుకో, ఆయన కూర విడిగా తీసి అందులోంచే వెయ్యి, గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి అంతే అని ఉపాయం కూడా చెప్పింది. ఎండుచేప పూర్తిగా మానమంటే మానరని ఆమెకీ తెలుసు, నెలకోసారి, నానబెట్టి రెండు నీళ్ళు పారబోసి, ఆ రోజు కూరలో ఉప్పు సున్నా అని బేరం కుదిర్చింది.

నీళ్ళ మాత్ర మానేశారన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. డాక్టర్ అడిగితే “ఏసుకుంతన్నాను” అనే చెప్పారు మావయ్య. ఈమె “మాత్ర వేసుకుంటున్నావా” అనలేదు, “బస్సెక్కిన రోజు మాత్ర ఏం చేస్తావు తాతా?” అంది. దొరికిపోయారు. అది వేసుకున్నాక ఆరు గంటలదాకా పనిచేస్తుంది, ఊరెళ్ళిన రోజు తిరిగొచ్చాక వేసుకో, నాలుగు దాటితే మాత్రం రాత్రంతా లేవాలి, కాబట్టి మూడింటిలోపు ఇంటికి రా, మానెయ్యడం అన్నది లేదు అని చెప్పి, డాక్టర్‌తో కూడా సరే అనిపించి రాసుకొచ్చింది. మోకాళ్ళ నొప్పికి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్ళకూడదు, ముందు ఇక్కడికి ఫోన్ చెయ్యాలి. రోజూ బరువు, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం లేకపోయినా ఫోన్ చెయ్యాలి. వారం లోపల రక్తపరీక్షతో రావాలి, నెల తర్వాత కాదు. ఇవన్నీ మా మావయ్యకి అక్కడి డాక్టర్ వేసిన లెక్కలు, మీ ఇంట్లోవాళ్ళకి మీ డాక్టర్ వేరేగా చెప్పొచ్చు, చూసి కాపీ కొట్టకండి.

అంతా అయ్యాక, “ఇప్పుడు నువ్వు నాకు చెప్పక్కా, నేను మర్చిపోయాననుకో” అంది. నేను టీచర్ని, ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని అడిగే ప్రశ్న అదే, నన్ను అడిగేసరికి తడబడ్డాను. మూడు రోజుల్లో రెండు కిలోలు అనడానికి బదులు రెండు రోజుల్లో మూడు కిలోలు అన్నాను. నవ్వి మళ్ళీ చెప్పించింది. తర్వాత పాత ల్యాబ్ కాగితం వెనక్కి తిప్పి, డిశ్చార్జి సమ్మరీలో ఇంగ్లీషులో ఉన్నదంతా తెలుగులో, పొద్దున మాత్రకి సూర్యుడు, రాత్రి మాత్రకి చందమామ బొమ్మ వేసి రాసిచ్చింది. అత్తకి చదువు రాదు, సూర్యుడు తెలుసు.

ఇంటికొచ్చిన మూడో రోజు ఫోన్. “అక్కా, ఇవాళ బరువెంత?” అప్పటికి మెషీనే కొనలేదు. కొంటాం, వీలు చూసి కొంటాం అనుకుంటున్నాం, 78,000 బిల్లు కట్టినవాళ్ళం 900 రూపాయల మెషీన్‌కి వీలు చూసుకుంటున్నాం. సిగ్గేసింది, సాయంత్రానికే నరసన్నపేటలో కొన్నాను. ఇరవై రెండో రోజున మా బంధువుల పెళ్ళి, మావయ్య మూడు పూటలా అక్కడే భోజనం, నా ఉప్పు గిన్నె ఇంట్లో ఉండిపోయింది. క్యాలెండర్ మీద వరసగా 66.4, 67.3, 68.6. మనిషి చూస్తే బాగానే ఉన్నారు, ఆయాసం లేదు, జోకులేస్తున్నారు, ఫోన్ చెయ్యాలా వద్దా అని గంటసేపు ఆలోచించి చేశాను. సిస్టర్ డాక్టర్‌ని అడిగి రెండు రోజులు మాత్ర పెంచి చెప్పింది, రక్తపరీక్ష చేయించమంది. నాలుగో రోజుకి 66.5. ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. మొదటిసారి ఇదే పరిస్థితిలో మేం కిటికీ చువ్వ దాకా వెళ్ళాం.

మా పీజీ కుర్రాడు చెప్పింది ఇంకొంచెం. ఇలా సిస్టర్ కూర్చుని నేర్పించి, ఇంటికెళ్ళాక వెంటబడి కనుక్కునే పద్ధతి మీద 1995లోనే అమెరికాలో సెయింట్ లూయిస్‌లో పరిశోధన జరిగిందట, 70 దాటిన 282 మందిని తీసుకుని సగం మందికి ఇలా చేస్తే, 90 రోజుల్లో ఇదే జబ్బుతో మళ్ళీ చేరడాలు 54 నుంచి 24కి తగ్గాయట. 2022లో వచ్చిన స్ట్రాంగ్ హెచ్ఎఫ్ అనే పెద్ద పరిశోధనలో డిశ్చార్జయ్యాక మొదటి వారాల్లో తరచుగా పిలిచి చూసి మందులు త్వరగా పెంచితే, ఆరు నెలల్లో చనిపోయినవాళ్ళూ మళ్ళీ చేరినవాళ్ళూ కలిపి 23.3 శాతం నుంచి 15.2కి దిగిందట. మన దగ్గర ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తుంది కూడా, 2013లో తిరువనంతపురంలో లెక్క తీస్తే సగటు వయసు 61. బ్రిటన్‌లో, స్వీడన్‌లో హార్ట్ ఫెయిల్యూర్ నర్స్ అని ప్రత్యేకంగా ఉద్యోగమే ఉంటుందట, వాళ్ళే క్లినిక్ కూడా నడుపుతారట. మా ఆసుపత్రిలో అలాంటి పోస్టేమీ లేదు. ఈ అమ్మాయి, ఇంకో సీనియర్ సిస్టర్, డాక్టర్ సరేనంటే ఒక నోట్‌బుక్ పెట్టుకుని, డ్యూటీ అయ్యాక ఫోన్లు చేస్తున్నారు, అంతే. ఆ నోట్‌బుక్ నేను చూశాను, పేరు, బరువు, దిండ్లు, ఫోన్ చేసిన తేదీ. సిస్టర్ జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ నేర్చుకుంటోంది కూడా, పరీక్ష రాస్తుందట. వెళ్ళొద్దని ఎలా అంటాం, వెళ్తే ఆ నోట్‌బుక్ ఎవరిదో మేనేజ్‌మెంట్ ఆలోచించుకోవాలి.

ఒక సూచన రిసెప్షన్‌లో రాసిచ్చాను, నెల దాటింది. ఆ సూర్యుడు చందమామ కాగితాన్ని ఫొటో తీసి ఇచ్చి, దీన్ని అచ్చు వేసి డిశ్చార్జయ్యే ప్రతి గుండె పేషెంటుకీ ఇవ్వండి, కావాలంటే నరసన్నపేట ప్రెస్‌లో మా ఖర్చుతో వేయిస్తాం అన్నాను. పైకి పంపిస్తామన్నారు. మొన్న మంగళవారం చెకప్‌కి వెళ్ళాం, పొద్దున బరువు 66.3, ఒకటే దిండు. వార్డ్‌లో పలకరిద్దామని వెళ్తే సిస్టర్ స్టూల్ మీద కూర్చుని, ఎవరో కోడలు పక్కన నిలబడి ఉంటే, పాత ల్యాబ్ కాగితం వెనక చందమామ గీస్తోంది.